మల్లయ్య పేరు మీది మీటరు

ఉదయం ఎనిమిదింటికి ఇంద్రేశంలో షేర్ ఆటో ఎక్కాం, నేనూ సత్తెమ్మా. మా వీధి చివర పిండిగిర్ని ఆమెదే. మావారి ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం మేం తెనాలి వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయింది. ఇక్కడ ఇల్లు కట్టుకున్నప్పటి నుంచీ మాకు ఆమె పట్టిన పిండే. ఆమె భర్త మల్లయ్య పోయి రెండేళ్లు. వచ్చేదంతా కరెంటు బిల్లుకే పోతోంది, కప్పు మీద సోలార్ పలకలు వస్తే తప్ప గిర్ని నిలవదు. దరఖాస్తు పెట్టి ఎనిమిది నెలలైంది. "వారంలో అనుమతి" అని గోడల మీద రాతలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి! నాకు ఒళ్లు మండిపోయి, "పద సత్తెమ్మా, సంగారెడ్డి వెళ్లి తేల్చుకుందాం" అని నేనే బయల్దేరదీశాను.

పటాన్‌చెరులో ఎనిమిదీ ముప్పావుకి బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. కిటికీ సీటు సత్తెమ్మకు ఇచ్చాను. ఇస్నాపూర్ దాకా లారీల మధ్య నత్తనడకే. రుద్రారం దాటాక కాస్త గాలి ఆడింది. ముందు సీట్లో, కాజీపల్లి మందుల కంపెనీలో డ్యూటీ దిగివస్తున్న ఒక పెద్దాయన మా మాటలు విని వెనక్కి తిరిగాడు.

"కరెంటు ఆఫీసుకా? సద్ది గిట్ల కట్టుకున్నరా మరి?"

నేను పకపకా నవ్వాను. సత్తెమ్మ నవ్వలేదు. సంచి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆఫీసంటే బెరుకేమో అనుకున్నాను.

తొమ్మిదీ ముప్పావుకి సంగారెడ్డి బస్టాండులో దిగాం. పక్క హోటల్లో ఇడ్లీ, చాయ్. వెళ్లేవారికి ఒక మాట: పల్లీ చట్నీ మళ్లీ అడగండి, విసుక్కోకుండా వేస్తారు. అక్కడి నుంచి ఆఫీసు నడిచే దూరమే.

ఇంజనీరు ముప్పై కూడా నిండని అమ్మాయి. ఊపిరి తిప్పుకోకుండా ఆమెను కడిగేశాను. ఆ పిల్ల ఓపిగ్గా అంతా విని, కంప్యూటర్ మా వైపు తిప్పింది.

"మా దగ్గర ఆగలే మేడం. మూడో రోజే వాపస్ పంపినం. మీటర్ మల్లయ్య గారి పేరు మీదుంది, దరఖాస్తు గూడ ఆయన పేరునే పెట్టిండ్రు. పేరు మార్పించుకొని మళ్ల పెట్టుమని ఆయన ఫోనుకు మెసేజ్ వోయింది."

"పోయిన మనిషి ఫోనుకు పంపితే ఎవరు చూస్తారమ్మా?" అని మళ్లీ లేచాను. సత్తెమ్మ నా చెయ్యి నొక్కింది. సంచిలోంచి మరణ ధ్రువపత్రం, తన ఆధార్, కూతుళ్ల సంతకాలున్న ఒప్పుకోలు కాగితం ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. ఎంత ముందుచూపు ఈవిడకి అని మురిసిపోయాను.

"ఇట్ల అన్నీ తెస్తే ఎంతసేపు పెద్దమ్మా," అంది ఇంజనీరు. సంతకం దగ్గర సత్తెమ్మ చాలాసేపు ఆగింది. ఎవరూ తొందరపెట్టలేదు. పన్నెండున్నరకు పేరు మార్పూ, కొత్త దరఖాస్తూ రెండూ కంప్యూటర్లోకి ఎక్కాయి. వారం పది రోజుల్లో అనుమతి వస్తుందన్నారు.

ఒంటిగంటన్నర బస్సుకు తిరుగు ప్రయాణం. కంది స్టాపు వచ్చేదాకా నేను ప్రభుత్వాన్ని ఏకిపారేస్తూనే ఉన్నాను.

"సర్కారును తిట్టకక్కా," అంది సత్తెమ్మ. "ఆపింది నేను."

తెల్లబోయాను.

"ఆయన ఫోను నా దగ్గర్నే ఉన్నది. మెసేజ్ వచ్చిన్నాడే మీసేవల సదివించుకున్న. కాయిదాలు గప్పుడే తయారు చేసిన. ఇయ్యబుద్ధి కాలే. రేషన్ కార్డుల పేరు తీసేసిండ్రు, ఓటర్ల లిస్టుల తీసేసిండ్రు. నెలకొక్కపారి బిల్లు కొట్టేటాయన వాకిట్ల నిలవడి 'మల్లయ్యా, బిల్లూ' అని పిలుస్తడు. ఆయన్ను పేరు వెట్టి పిలిచేటోళ్లు ఇంకెవరున్నరక్కా?"

"మరి ఇవాళ ఎందుకొచ్చావు?"

"గిర్ని గూడ ఆయన పెట్టిందే గద. పేరు చూస్కుంట కూసుంటే గిర్ని మూత వడ్తది."

ఎనిమిది నెలలుగా ఎవరెవరినో తిట్టాను గానీ, వారానికోసారి నాకు పిండి పట్టి ఇచ్చే మనిషిని 'నీ మనసులో ఏముందే' అని ఒక్కసారి అడగలేదు. సిగ్గేసింది. అనుమతులు త్వరగా రావాలని ఇప్పటికీ అంటాను. కానీ ఆ సంతకం దగ్గర ఆమెను తొందరపెట్టనందుకు ఆ ఇంజనీరు పిల్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

సత్తెమ్మ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. "పేరు వెంటనే మారదట. వచ్చే బిల్లు ఒక్కటి పాత పేరుతోనే వస్తుందని, నువ్వు సంతకం చేసేటప్పుడు ఆ అమ్మాయి నాతో చెప్పింది."

చటుక్కున నా వైపు తిరిగింది. "నిజంగనా? అంటే ఇంకొక్కపారి పిలుస్తడు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆ పొద్దు గిర్ని బంద్ పెడ్తక్కా. సప్పుడుల ఇనవడదు."