తప్పు డబ్బాదా, చెవిదా

రెండు వస్తువులు పక్కపక్కన కనిపిస్తే ఏది మేలో తేల్చకుండా ఉండలేను. కొత్త టీ పొడి తెస్తే పాతదాన్ని అయిపోనివ్వను. రెండూ వేరువేరుగా కాచి, ఏ గ్లాసులో ఏది ఉందో చెప్పకుండా ఇంట్లో వాళ్ల చేత తాగిస్తాను. "టీ ఇస్తున్నవా, పరీక్ష పెడుతున్నవా?" అని మా ఆయన విసుక్కుంటాడు. వికారాబాద్‌లో ఒక ల్యాబులో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం నాది. మనిషి ముఖం చూసి రిపోర్టు రాయకూడదు, గొట్టంలో ఉన్నదే రాయాలి అని మొదట్లోనే నేర్పారు. ఆ బుద్ధి ల్యాబులో ఆగకుండా వంటింటిదాకా వచ్చేసింది.

పాటలు వినే డబ్బాల దగ్గర ఈ పిచ్చి మరీ ముదిరింది. నా దగ్గర మూడున్నాయి. ఒకటి చున్నీకి క్లిప్పులా తగిలించుకునే చిన్న ప్లేయరు. దాని రంగు ఎప్పుడో పోయింది, బటన్ ఒకసారి నొక్కితే ఒక్కోసారి రెండు పాటలు దాటేస్తుంది. రెండోది ఫోను. మూడోది పాటల కోసమే తయారు చేసిన మంచి ప్లేయరు, అరచేతిలో పెట్టుకుంటే తూకం రాయిలా బరువుగా ఉంటుంది. దాంట్లో మొదటిసారి పాట విన్నప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. వీణ తీగ మీటాక ఆ మోత సన్నబడి ఆగేదాకా వినపడింది. పాడే ఆవిడ చరణానికి ముందు ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. అదే పాట ఫోన్లో వింటే అన్నీ ఉంటాయి గానీ అందరూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నట్టుంటుంది. చిన్న దాంట్లో తాళాలు ముందుకు తోసుకొచ్చి, గొంతు వెనక్కి పోతుంది. ఎందుకిలా అని ఎన్ని రాత్రులు ఆలోచించానో! పాట ఒకటే, ఇయర్‌ఫోన్లు అవే, వినేది నేనే.

తాండూరులో మా బావ, అంటే మా అక్క భర్త, నాపబండల వ్యాపారం చేస్తాడు. పాత పాటలంటే ప్రాణం. నా మాట మీద నేను కొన్నటువంటి బరువు ప్లేయరే కొనుక్కున్నాడు. కొన్న వారానికే ఫోను చేశాడు.

"ఏం మరదలా, గిసుంటి డబ్బా కొనిపిచ్చినవేంది? పాటల్ల మువ్వలు ఏడికి పోయినయ్? అన్నీ మింగి కూసున్నది."

నాకు చురుక్కుమంది. నేను చెప్పిన వస్తువుకు వంక పెట్టడమా! ఆ మువ్వలు నాకు నా ప్లేయర్లో గలగల వినపడుతుంటే! ఏదో ఒకటి అనేసేదాన్నే, ఇంతలో అక్క ఫోను లాక్కుంది. పక్కకు వెళ్లినట్టుంది, గొంతు తగ్గించింది.

"చెల్లె, డబ్బాది కాదే. చెవులు మందగించినయ్. టీవీ సౌండు వీధి మొత్తానికి పెడ్తడు. డాక్టరు కాడికి పోదామంటె కయ్యానికొస్తడు. నా చెవి మీదనే దుకాణం నడుస్తది, దానికి వంక పెట్టకు అంటడు. నువ్వు గా డబ్బాలన్నీ పట్టుకోని రా. తప్పు డబ్బాదా, చెవిదా తేల్చు. నువ్వు చెప్తె ఇంటడు."

బావ చెప్పింది అబద్ధం కాదు. బండలు కొనేటప్పుడు ఆయన ప్రతి బండనూ చిన్న సుత్తితో కొట్టి చూస్తాడు. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల కంటికి కనిపించని సన్న పగులు ఉంటే మోత చివర జర్రుమని చీలుతుంది. ఆయన మంచిదన్న బండ విరిగిందన్న మాట తాండూరులో ఎవరూ అనగా వినలేదు. అలాంటి మనిషికి చెవుడని చెప్పే పని నా నెత్తిన పడింది.

ఆదివారం పొద్దున తాండూరు వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కాను. దారిలో మూడు డబ్బాలూ మార్చి మార్చి విన్నాను. రైలు రొదలో తేడా ఏమీ తెలియలేదు, మూడూ సమానమే. పక్క సీట్లో ఇద్దరు ఆడవాళ్లు కన్నడంలో పెళ్లి మాటలు మాట్లాడుకుంటున్నారు. వాళ్ల మాటలే పాటలకన్నా స్పష్టంగా వినపడ్డాయి. మంచి ప్లేయరుకు మంచి నిశ్శబ్దం కూడా కొనిపెట్టాలి కాబోలు.

భోజనాల దగ్గరే బావ తన సిద్ధాంతం చెప్పాడు. ఇప్పటి వస్తువులకు గొంతు లేదట. కుక్కరు విజిల్ వెనకటిలా కూయడం లేదు. తలుపు దగ్గరి బెల్లు రెండుసార్లు మార్పించినా మోగడం లేదు. పిచ్చుకలు ఊళ్లోంచి పోయాయి. "ఆఖరికి మీ అక్క ఏసుకునే మట్టి గాజులు సుత. అన్నీ కల్తీ. సప్పుడే చెయ్యయి" అన్నాడు. అక్క అన్నం వడ్డిస్తోంది. ఆమె చేతి గాజులు గిన్నె అంచుకు తగిలి గలగలమన్నాయి. నేను అక్క వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

భోజనాలయ్యాక పరీక్ష మొదలుపెట్టాను. కాస్త ఎక్కువ సౌండు పెట్టింది ఏదైనా బాగున్నట్టే అనిపిస్తుంది కాబట్టి ముందు మూడింటినీ ఒకే మోతాదుకు తెచ్చాను. తర్వాత వాటిని కందిపప్పు సంచిలో వేసి, తీగ మాత్రం బయటికి తీశాను. ఏది మోగుతోందో బావకు కనిపించకూడదు. బావ కుర్చీలో సర్దుకుని, కచేరీకి వచ్చిన జమీందారులా కళ్లు మూసుకున్నాడు.

మొదటిదానికి పెదవి విరిచాడు. రెండోదానికీ అంతే. మూడోది పెట్టగానే తొడ మీద చరిచాడు.

"గిదీ! గిదీ డబ్బా అంటె! మువ్వలు ఎట్ల మోగుతున్నయ్ సూడు!"

సంచిలోంచి తీసి చూస్తే ఆ చిన్న డొక్కు ప్లేయరు. నా ముఖం చూసి బావ పడీ పడీ నవ్వాడు. "మరదలా, నీ బంగారు డబ్బా ఓడిపాయె" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. ఇదెలా కుదురుతుంది? డబ్బాను అటూ ఇటూ తిప్పి, లోపలి సెట్టింగులన్నీ వెతికాను. సన్నటి శబ్దాలను బాగా పెంచే మీట ఒకటి ఎప్పుడో నేనే పైకి జరిపి మరిచిపోయినట్టున్నాను. అందుకే దాంట్లో తాళాలు తోసుకొస్తున్నాయి! ఇన్నాళ్ల నా పెద్ద సందేహం అలా తీరింది. ఆ మీటను మామూలుకు తెచ్చి, ఏమీ చెప్పకుండా మళ్లీ వినిపించాను.

బావ నవ్వు ఆగిపోయింది. "పోయినయ్" అన్నాడు.

మువ్వలు ఎక్కడికీ పోలేదు. నాకు ఇంకా వినపడుతున్నాయి, కాస్త మెల్లగా. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ల్యాబులో రిపోర్టు కాగితం మీద పెట్టి ఇచ్చేస్తాం, ఎదురుగా కూర్చుని చెప్పే పని డాక్టరుది. అది ఎంత కష్టమో నాకు ఆ పూట తెలిసింది.

బావ మాత్రం ఓడిపోయే మనిషి కాదు. "పాటలతోని ఏం తెలుస్తది? పాటల్లనే కల్తీ ఉండొచ్చు. బండ అబద్ధం చెప్పదు. బండ సప్పుడు రికార్డు చేసి గా డబ్బాలల్ల ఇనిపియ్యి. అప్పుడు తెలుస్తది దేని సంగతి ఏందో" అన్నాడు.

పాటల డబ్బాను పరీక్షించడానికి బండ! తాండూరులో తప్ప ఈ ఆలోచన ఎవరికి వస్తుంది? నాకు మాత్రం తెగ నచ్చేసింది.

ఆదివారం కాబట్టి బండలు కోసే మిషన్లు ఆగి ఉన్నాయి. దుకాణం వెనక బండలు నిలబెట్టి, ఒకదాని మీద ఒకటి వాల్చి ఉన్నాయి. బావ ఒక్కో బండ మీద ఎడమ అరచెయ్యి ఆనించి, కుడి చేత్తో సుత్తితో కొడుతూ నడిచాడు. "ఇది మంచిది. ఇది పగులు. గిది సుత పగులు." చెప్పిన ప్రతిదాని మీదా సుద్దతో గుర్తు పెట్టాడు. తడుముకోలేదు. ఆయన పగులు అన్నవాటి జర్ర్ నాకూ వినపడుతూనే ఉంది. చెవులు పోయిన మనిషి ఇలా చెప్పగలడా? అక్కే పొరపాటు పడిందేమో అనిపించి, మనసులో ఎంతో సంతోషించాను.

రికార్డు చేయడానికి ఫోను తీశాను. మొదటి బండ మోత సగంలోనే నొక్కుకుపోయినట్టు వచ్చింది. ఆయన అరచెయ్యి బండ మీద ఉండటం వల్ల అని అర్థమైంది.

"బావా, చెయ్యి తియ్యుండ్రి. మోత నొక్కేస్తున్నది."

"చెయ్యి తీస్తె ఎట్ల?" అన్నాడు.

"కొట్టేది సుత్తి గదా. చెయ్యి ఎందుకు?"

అయిష్టంగా చెయ్యి తీశాడు. కొట్టాడు. ఆగాడు. చెయ్యి పెట్టి మళ్లీ కొట్టాడు. నా దృష్టంతా ఫోను మీద ఉంది, పట్టించుకోలేదు. సుద్ద గుర్తులున్న బండలన్నిటి మోతా చెయ్యి ఆనించకుండా రికార్డు చేసి, ఇంటికి వచ్చి ఫోన్లోని మెమరీ కార్డును ఒక్కో ప్లేయర్లో పెట్టాను. జవాబులు ముందే ఉన్నాయి, అవి బావ చెప్పినవే. ఇంతకన్నా న్యాయమైన పరీక్ష ఇంకోటి ఉండదని మురిసిపోయాను కూడా.

బావ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మొదటి మోత విని "మంచిది" అన్నాడు. అది పగులు. రెండోదీ మంచిదన్నాడు. అదీ పగులే. నా మంచి ప్లేయరు తీసి ఫోను పెట్టాను, ఫోను తీసి చిన్నది పెట్టాను. అన్ని బండలూ మంచివే అంటున్నాడు. అంటున్నకొద్దీ ఆయన గొంతు తగ్గుతోంది. మంచి బండ మోగినప్పుడు నా ముఖం చూశాడు. నాకు భయమేసింది. ఆడుకుంటూ ఆడుకుంటూ దేన్నో విరగ్గొట్టినట్టు అనిపించింది.

"మూడూ ఖరాబే" అన్నాడు చివరికి. కానీ ఆ మాటలో బలం లేదు.

ఇయర్‌ఫోన్లు తీసి అక్క చెవులకు పెట్టాడు. "నువ్వు చెప్పు" అన్నాడు. అక్క వింది. "జర్రుమంటున్నది" అంది. తర్వాతది విని "ఇది మంచిగ మోగుతున్నది" అంది. చెప్పకూడదనుకుందేమో గానీ ఆమెకు అబద్ధం చెప్పడం రాదు.

బావ తన ఎడమ అరచేతిని తిప్పి చూసుకున్నాడు. సుద్ద ఇంకా అంటుకుని ఉంది. అప్పుడు నాకూ వెలిగింది. ఇన్నాళ్లూ ఆయనకు బండ పగులు చెప్పింది చెవి కాదు, ఈ చెయ్యి. పగిలిన బండ అదురు వేరు, గట్టి బండ అదురు వేరు. చెవి ఎప్పుడు తప్పుకుందో, చెయ్యి ఎప్పుడు ఆ పని అందుకుందో ఆయనకే తెలియదు. అందుకే ఒక్క బండా తప్పిపోలేదు, అందుకే ఎవరూ కనిపెట్టలేదు. ఎంత వింత! చెవి పోయిందన్న దుఃఖం ఒకవైపు ఉన్నా, ఆ చేతిని పట్టుకుని చూడాలనిపించింది నాకు.

"ఫికర్ చెయ్యకుండ్రి. చెయ్యి చెప్తున్నది గదా, దుకాణానికి ఏం గాదు" అంది అక్క.

"బండకు చెయ్యి సరిపోతది" అన్నాడు బావ. "నువ్వు పిలిస్తె?"

బావ అక్క మణికట్టు పట్టుకుని, తన చెవి దగ్గరికి తెచ్చుకుని ఊపాడు. ఎర్ర మట్టి గాజులు, చేతి నిండా ఉన్నాయి. గది అవతలి మూలన ఉన్న నాకు వినపడ్డాయి.

"మోగుతున్నయా?" అని నన్ను అడిగాడు.

"మంచిగ మోగుతున్నయ్ బావా."

"మరి నేను కల్తీవి అంటుంటె నువ్వు ఎందుకు ఊకున్నవ్?" అని అక్కను అడిగాడు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి సంచిలోకి డబ్బాలు సర్దాను.

మర్నాడు ఇద్దరూ నాతో పాటే వికారాబాద్ వచ్చారు. మా ల్యాబు పక్క వీధిలో చెవి డాక్టరు ఉన్నాడు. గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్షలన్నీ చేశాక, సన్నటి శబ్దాలు బాగా తగ్గాయని, మిషన్ పెట్టుకుంటే చాలావరకు వినపడుతుందని చెప్పాడు. చూపించడానికి రెండు రకాల మిషన్లు బయటికి తీశాడు. ఒకదాని గొప్పలు చెప్పబోతుంటే బావ చెయ్యెత్తి ఆపాడు.

"ఆగు సారూ. ఏది ఏందో నాకు చెప్పొద్దు. రెండూ పెట్టుండ్రి, నేను ఇని చెప్త." నా వైపు తిరిగాడు. "ఏం మరదలా, గట్లనే గదా?"

గట్లనే అన్నాను. డాక్టరు మొదటిది పెట్టి, ఏవో మాటలు అడిగాడు. బావ తల ఊపాడు. రెండోది పెట్టాడు. మళ్లీ మాటలు మొదలుపెట్టాడు. అక్క వెనక కుర్చీలో కూర్చుని ఉంది. ఫ్యాను గాలికి జారిన కొంగును భుజం మీదికి లాక్కుంటే చేతి గాజులు గలగలమన్నాయి.

డాక్టరు మాట్లాడుతుండగానే బావ గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"గిదీ" అన్నాడు.