రసీదుకి రసీదు

మా ఇంట్లో వచ్చిన ఉత్తరానికి జవాబు రాయకుండా రెండో పూట భోజనానికి కూర్చునేవారు కాదు. సాయమడిగిన ఉత్తరమైనా, తిట్టిన ఉత్తరమైనా జవాబు వెళ్ళవలసిందే. భూములు పోయాయి, ఇల్లు పోయింది, ఆ అలవాటు మాత్రం నా దాకా వచ్చింది. దానివల్ల ఒక వ్యాను నిండా ఉన్న పూతరేకులు హైదరాబాదులో గోడౌను గేటు ముందు ఎండలో నిలబడిపోయిన సంగతి ఇది.

నేను పనిచేసేది రావులపాలెం వెళ్ళే రోడ్డు మీద పూతరేకులు ప్యాకింగు చేసే చోట. యజమానురాలిది ఆత్రేయపురం. ఒకప్పుడు వాళ్ళమ్మగారు మా ఇంటి పెళ్ళిళ్ళకు పూతరేకులు తెచ్చి పెరటి వసారాలో దింపి వెళ్ళేవారు. ఇప్పుడు కూతురి కింద నలభై మంది ఆడవాళ్ళు రేకులు తీసి చుడుతున్నారు, నేను ఆఫీసు గది చూస్తున్నాను. ఆవిడను మేడం అనడానికి నాకు నోరు రాలేదు. నన్ను పేరుపెట్టి పిలవడానికి ఆవిడకూ రాలేదు. నేను అమ్మా అంటాను, ఆవిడ బాబుగారూ అంటుంది. ఇస్త్రీ పంచె కట్టుకునే పనికి వస్తాను. షేర్ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చోను. వెనక సీటు దొరికేదాకా రెండు మూడు ఆటోలు వదిలేస్తాను. ఆలస్యమైతే ఆ మేరకు సాయంత్రం కూర్చుంటాను.

హైదరాబాదులో చాలా దుకాణాలున్న పెద్ద సంస్థ ఒకటి మా సరుకు తీసుకుంటామంది. మొదటి లోడు సవ్యంగా అందితే వారానికో లోడు. అందకపోతే ఇంకొకరిని చూసుకుంటారు. ఈ మాట తెలిసిన రోజు నుంచి రేకులు తీసే ఆడవాళ్ళు కుండ మీద నుంచి తల ఎత్తలేదు.

ఆ సంస్థకు కాగితం పనికిరాదు. ఆర్డరు వాళ్ళ కంప్యూటరు నుంచి మా కంప్యూటరుకు వస్తుంది. వ్యాను గేటు చేరేలోపు అందులో ఏమేం ఉన్నాయో సరుకు పట్టీ మా కంప్యూటరు నుంచి వాళ్ళ కంప్యూటరుకు చేరాలి. పట్టీ చేరని వ్యానుకు గేటు తియ్యరు. మనం పంపింది సరిగ్గా ఉంటే అటునుంచి 'అందింది' అని రసీదు వస్తుంది. తప్పుంటే ఎర్ర అక్షరాలతో తిరిగి వస్తుంది. ఎర్రగా వచ్చినదాంట్లో తప్పేదో చూసి, దిద్ది, మళ్ళీ పంపడం నా పని. సాఫ్టువేరు కంపెనీ అమ్మాయి వచ్చి రెండు రోజులు కూర్చుని నేర్పి వెళ్ళింది.

వ్యాను హైదరాబాదు చేరే రోజు పొద్దున్న సెట్టింగుల పేజీ తెరిచి చూస్తున్నాను. అటునుంచి వచ్చేవాటిలో వేటికి మనం రసీదు పంపాలో అక్కడ వరసగా ఉంది. ఆర్డర్లకూ, ఆర్డర్లలో మార్పులకూ ఆ అమ్మాయి టిక్కు పెట్టింది. వాటి కింద రసీదులు, తిరస్కారాలు. ఆ రెండు గళ్ళూ ఖాళీ. గడప దాకా వచ్చిన నలుగురిలో ఇద్దరికి మంచినీళ్ళిచ్చి, ఇద్దర్ని ఊరికే నిలబెట్టినట్టనిపించింది. పాపం చిన్నపిల్ల, మర్చిపోయి ఉంటుందనుకున్నాను. అన్నిటికీ టిక్కు పెట్టాను.

తర్వాత పట్టీ పంపాను. ఎర్రగా తిరిగొచ్చింది. సరుకు ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో ఆ తేదీ వెయ్యడం మర్చిపోయాను. సరే, తేదీ వెతికి దిద్దుతున్నాను. ఈలోపు మా కంప్యూటరు, నేను చెప్పినట్టే, ఆ తిరస్కారం అందిందని రసీదు పంపింది. తిరస్కారానికి రసీదు వస్తుందని వాళ్ళ కంప్యూటరు ఎరగదు. ఇదేదో తప్పు కాగితమని దాన్నీ తిరస్కరించింది. ఆ తిరస్కారం కూడా అందిందని మాది మళ్ళీ రసీదు పంపింది. దాన్నీ అది తిరస్కరించింది.

పైన మూల 'పంపినవి' అన్నచోట అంకె తిరుగుతోంది. పెట్రోలు బంకులో మీటరు కూడా అంత జోరుగా తిరగదు. యంత్రం చురుగ్గా పనిచేస్తోందని సంతోషించి, టీ తాగి వచ్చాను. తేదీ వేసి పట్టీ పంపబోతే, "మీ దారి తాత్కాలికంగా మూసివేయబడినది" అని వచ్చింది.

పదకొండింటికి వ్యాను డ్రైవరు ఫోను చేశాడు.

"బాబుగారూ, గేటు కాడ ఆపేసేరండి. కాగితం సూపిత్తే కాగితం ఒద్దంటన్నారండి. కంపూటర్లో రాలేదంట."

"వస్తుంది. చెట్టు నీడ చూసి ఆపు."

"ఇక్కడ చెట్టు లేదండి. నాలుగింటికి గేటు మూసేత్తారంట. ఇయ్యేళ దింపకపోతే ఎనక్కి ఎల్లిపొమ్మంటన్నారండి."

దారి తెరవమని అడగడానికి ఒక ఫారం ఉంది. అందులో కారణం అనే గడి. నొక్కితే మూడు కారణాలు కనిపిస్తాయి: నెట్టు లోపం, సాఫ్టువేరు లోపం, పంపినవారి పొరపాటు. కారణం నాకు అప్పటికి తెలుసు. అంకె తిరగడం మొదలైంది నేను టిక్కు పెట్టాకే కదా. కానీ మా ముత్తాతగారి కాలం నుంచీ మా ఇంట్లో ఎవరూ పొరపాటు చేశానని రాసి ఇచ్చినవారు లేరు. నెట్టు లోపం అని నొక్కాను.

యజమానురాలు వచ్చింది. "ఎంతవరకొచ్చిందండీ?"

"నెట్టు సరిగ్గా లేదమ్మా."

"అదేంటండీ, ఇప్పుడే మా అక్కతో వీడియోలో మాట్లాడేను. దాని వెనకాల పొయ్యి మీద చారు పొంగడం కూడా కనపడిందండి."

"మాటలకు సరిపోతుంది. పట్టీలకు చాలదు" అన్నాను. ఆవిడ రేకులు చుట్టే చోటికి వెళ్ళిపోయింది.

నెట్టు లోపం అన్నాను కాబట్టి ఆ సంస్థలో నెట్టు చూసే ఉద్యోగి ఫోనులో మాట్లాడాలి. మాట్లాడేసరికి మూడు దాటింది. ఎంతో మర్యాదస్తుడు. నెట్టు డబ్బా దగ్గరకు వెళ్ళమన్నాడు. అది బల్ల కింద గోడకు ఉంది. ఇస్త్రీ పంచెతో మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కిందకు దూరాను.

"వైరు తీసి పెట్టండి సార్. ఎన్ని లైట్లు వెలుగుతున్నాయి?"

"నాలుగు."

"అన్నీ పచ్చగానే ఉన్నాయా?"

"అన్నీ పచ్చగానే ఉన్నాయి."

"అయితే మీ నెట్టుకేం లోపం లేదు సార్. మీ దగ్గర్నుంచి రసీదుకి రసీదు వస్తోంది. వేలల్లో ఉన్నాయి. సెట్టింగు ఎవరైనా మార్చారా?"

"ఇక్కడ అలాంటివాళ్ళెవరూ లేరు" అన్నాను బల్ల కింద నుంచి.

పైకి లేచేసరికి యజమానురాలు గుమ్మంలో ఉంది. స్పీకరు పెట్టినందువల్ల అంతా విన్నది.

"ఈ గదిలోకి మీరూ, తుడిచే మనిషీ తప్ప ఎవరూ రారండి" అంది. "తుడుస్తూ ఏదైనా నొక్కేసిందేమో అడుగుదాం." అడ్డు చెప్పేలోపే కేకేసింది.

తుడిచే ఆవిడ చీపురుతోనే వచ్చి నిలబడింది. ఆ బల్ల ముట్టుకున్నావా అని అడిగితే నా వంక చూసింది.

"ఆ బల్ల మీద దుమ్ము కూడా బాబుగారు తుడవనివ్వరండి. ఆరే జేబురుమాలుతో తుడుసుకుంటారు. నానెందుకు ముడతానండి?"

"ఎవరూ ముట్టుకోకుండా ఎలా మారిందే మరి?"

"నాకేం తెలుత్తాదండి. పోనీ, నానే ముట్టుకున్నానని రాసేసుకోండి. వేను లోపలికెళ్ళిపోద్దంటే నాకేం పోయింది."

ఎంత తేలిగ్గా అనేసింది. మా చేలో పనిచేసినవాళ్ళ మీద మా నాన్నగారు కేకలేశారేమో కానీ, తన తప్పు వాళ్ళ నెత్తిన పెట్టినట్టు నేను చూడలేదు. మూడున్నర అవుతోంది. కుర్చీలో కూర్చున్నాను.

"సెట్టింగు నేనే మార్చానమ్మా. పొద్దున్న."

"ఆయ్" అంది యజమానురాలు. ఆశ్చర్యమేమీ కనిపించలేదు. తుడిచే మనిషిని నిజంగానే అనుమానించి పిలిచిందో, నా కోసమే పిలిచిందో ఇప్పటికీ నాకు తెలియదు. అడగలేదు.

తిరస్కారాల గడిలోనూ, రసీదుల గడిలోనూ టిక్కులు తీసేశాను. ఫారంలో 'పంపినవారి పొరపాటు' నొక్కాను. నొక్కితే కింద ఇంకో గడి తెరుచుకుంది: పొరపాటు చేసినవారి పేరు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాశాను. రెండు నిమిషాల్లో అక్కణ్ణుంచి ఒకమ్మాయి ఫోను చేసింది.

"సార్, మీరు కావాలనే అది నొక్కారా, చెయ్యి జారిందా?"

"చెయ్యి జారలేదమ్మా. పొరపాటు నాదే."

"అది కాదు సార్. అందరూ నెట్టు లోపమనే పెడతారు. ఇది నేను వచ్చాక ఎవరూ నొక్కలేదు. నొక్కితే మేమేం చెయ్యాలో మా మేనేజరుగారిని అడగాలి."

"త్వరగా అడుగు తల్లీ. మా రేకులు ఎండలో ఉన్నాయి."

ఫోను పెట్టెయ్యకుండానే అడిగినట్టుంది. అటు ఎవరో నవ్వడం వినిపించింది. నవ్వనీ అనుకున్నాను. మూడు నలభై అయిదుకు దారి తెరిచారు. పట్టీ మళ్ళీ పంపాను. ఈసారి పచ్చగా, 'అందింది' అని రసీదు వచ్చింది.

నాలుగింటికి రెండు నిమిషాల ముందు డ్రైవరు ఫోను. "గేటు తీసేరండి. దింపేత్తన్నారండి. గేటాయన నన్ను టీ తాగమంటన్నాడండి, తాగొచ్చాండీ?"

"తాగు."

లోపల ఈ మాట తెలిసి ఆడవాళ్ళు ఒక్కసారి మాట్లాడడం మొదలుపెట్టారు. పొద్దుట్నుంచీ వాళ్ళు అంత నిశ్శబ్దంగా ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

నా రాజీనామా ఉత్తరం మనసులో రెండు పేరాల దాకా వచ్చింది. మూడో పేరా వెతుక్కుంటుండగా అటునుంచి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది ఎర్రగా: రెండు పెట్టెలు మెత్తబడ్డాయి, తీసుకోవడం లేదని. రెండోది వచ్చే వారం లోడుకి ఆర్డరు. ఆర్డరుకి మా కంప్యూటరు తనంతట తనే రసీదు పంపింది. రెండు పెట్టెలు తిప్పిపంపిన కాగితం మాత్రం జవాబు లేకుండా తెర మీద అలాగే ఉంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని దాన్ని చూస్తూ కూర్చున్నాను.

యజమానురాలు తొంగి చూసింది. "ఏం చేస్తున్నారండీ?"

"జవాబివ్వడం లేదమ్మా."

"ఆయ్. మంచిదండి" అని, తెర మీద కొత్త ఆర్డరు చూసి, ఆ సంగతి చెప్పడానికి లోపలికి వెళ్ళిపోయింది.