బాపు నటించిన మూకీ సినిమా

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. భూపాలపల్లి బొగ్గు బావిలో పనిచేసేవాణ్ణి, చీకటంటే కూడా లెక్కలేదు. అయినా ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

మా బాపుకు, అంటే నాన్నకు, నాటకాలు రాసే పిచ్చి. ఒక్కటీ ఎవరూ ఆడలేదు. దొరికినవాళ్లకల్లా చదివి వినిపించేవాడు. ఆయన కాగితాల కట్టతో కనిపిస్తే కాలనీ జనం సందు మారేవారు. ఆ తమాషానే ఫోనుతో పది నిమిషాల సినిమా తీశాను. బాపు వేషం బాపుదే. మా చెల్లె సరితకు చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. తనూ అందరితో సమానంగా నవ్వాలని, మాటల్లేని సినిమా చేద్దామన్నది బాపే.

మరుసటి ఏడు ఆయన దవాఖానలో పడ్డాడు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. చివరి రోజు మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచాడు.

"సరితను లోపటికి రానియ్యకు. మాస్కుల నా మూతి కనబడదు. నేనేమన్ననో తెల్వక జిందగీ అంత ఏడుస్తది."

బయటికొచ్చి, బాపు పడుకున్నాడని చెల్లెకు అబద్ధం చెప్పాను. గంటలో ఆయన పోయాడు.

"ఆఖరిసూపు లేకుంట చేసినవ్ అన్నా" అని సరిత నాతో మాట్లాడటం మానేసింది. నిజం చెబితే తప్పు బాపు మీదికి నెట్టినట్టవుతుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

సంవత్సరీకం నాడు చుట్టాలు అడిగితే ఆ సినిమా టీవీలో పెట్టాను. చాయ్ హోటల్ ముందు బాపు నాటకం చదువుతుంటే అందరూ పడీపడీ నవ్వారు. సరిత నవ్వలేదు. ఆ ముక్కే మళ్లీ పెట్టమని సైగ చేసింది. మూడోసారి చూసి, నావైపు తిరిగి ఒక్కో మాటే కూడబలుక్కుంటూ అంది.

"సరితను లోపటికి రానియ్యకు. మాస్కుల నా మూతి కనబడదు."

 సినిమాలో అక్కడ బాపు చదివింది నాటకం మొదటి పేజీ. తీసింది నేను, పక్కనుండి విన్నది నేను. అప్పటికి ఆయనకు దగ్గు కూడా లేదు.

"గిదేనా నువ్వు దాసింది?" అంది. తలూపాను. ఏడాది తర్వాత నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ ముక్క తర్వాత ఎన్నిసార్లు చూశానో. నాకు పెదవులు చదవడం రాదు. అది ఎలా జరిగిందో ఈనాటికీ చెప్పలేను. ఆ రోజు సరిత మాత్రం కళ్లు తుడుచుకుని, సినిమా అయిపోయేదాకా టీవీ ముందే నిలబడింది.

"ఇంకేమంటున్నడే?" అని అడిగాను.

"గా మాట నాకు చెప్పిండు" అని టీవీ బంద్ చేసింది.