రఫీ విన్న రెండో గిటారు

విజయవాడ వన్‌టౌన్‌లో పాత రేడియోలు, రికార్డులు అమ్మే చిన్న కొట్టు ఒకటి ఉండేది. 2004 జనవరిలో ఓ శనివారం అక్కడ నలభై రూపాయలకు ఒక ఇంగ్లీషు రాక్ రికార్డు బేరమాడాను. అట్టమీద నీలం రంగు రైలు వంతెన. కాలేజీ రోజుల్లో ఇదే ఆల్బమ్‌ను క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నవాణ్ని. ఏ పాటలో డ్రమ్ము ఎక్కడ పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతానని నా గొప్ప. కొట్టు నడిపే మస్తాన్‌గారు "గీతలున్నాయేమో విని తీసుకెళ్లండి బాబూ" అని దాన్ని ప్లేయర్ మీద పెట్టారు. మొదటి పాటలోనే, నేనెన్నడూ వినని రెండో గిటారు కుడి స్పీకర్లోంచి వచ్చింది. "ఇది వేరే రికార్డాండీ?" అంటే, "అదేనండీ. మీరు సరిగ్గా విని ఉండరు" అన్నారు. ఆ గిటారు ఉందని పదమూడేళ్ల కిందట ఒకడు చెప్పాడు. అలా చెప్పినందుకే వాణ్ని మేం బ్యాండులోంచి వెళ్లగొట్టాం.

వాడి పేరు రఫీ. మా నలుగురి కాలేజీ బ్యాండులో గిటారు వాడిదే. వాళ్ల నాన్నగారు వడ్రంగి. ఒక డాక్టరుగారింట్లో అల్మరాలు చేస్తున్నప్పుడు సాయానికి వెళ్లిన రఫీ, వారం రోజులపాటు అక్కడ ఈ రికార్డు విన్నాడు. బతిమాలుకుని ఒక్క రోజుకని తెచ్చి నా చేతికిచ్చాడు. మా బావ రికార్డింగ్ సెంటర్లో సాయంత్రాలు క్యాసెట్లు ఎక్కించేది నేనే. ఆ రోజు ప్లేయర్ నుంచి వచ్చే రెండు వైర్లలో ఒకటి తెగి ఉంది. అతికించే ఓపిక లేక, పనిచేస్తున్న వైరునే రెండు పక్కలకూ కలిపేశాను. అంటే ప్రతి పాటలోనూ ఎడమ స్పీకర్లో వచ్చేదే ఎక్కింది, కుడి స్పీకర్లోది పోయింది. క్యాసెట్ మాత్రం రెండు స్పీకర్లలోనూ మోగింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కాలేజీ వార్షికోత్సవానికి వారం ముందు రఫీ ఆ రెండో గిటారు వాయిస్తే, అది పాటలోనే లేదని టేపు పెట్టి అందరి ముందూ రుజువు చేశాను. "ఉందిరా, నేను విన్నా" అని వాడు మొత్తుకున్నాడు. అప్పుడు నాకు ఆ తెగిన వైరు గుర్తొచ్చింది. అయినా నోరు మూసుకున్నాను. స్టేజీ మీద వాడి బదులు గిటారు వాయించింది నేనే మరి.

రఫీ ఉయ్యూరులో వడ్రంగి షెడ్డు పెట్టుకున్నాడని విన్నాను. మస్తాన్‌గారి చేత రికార్డును సరిగ్గా క్యాసెట్‌కెక్కించుకుని, మర్నాడు ఆదివారం ఎనిమిదింటికి బస్టాండులో బందరు బస్సెక్కాను. టికెట్ పదమూడు రూపాయలు, మామూలుగా గంట ప్రయాణం. చెరుకు సీజన్లో వెళ్లేవాళ్లు మరో అరగంట కలుపుకోండి. కంకిపాడు దాటాక ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు నత్తనడక నడిచింది. నా ఒళ్లో ఉన్న అట్టను చూసి కండక్టరు "ఫొటో ఫ్రేమాండీ?" అన్నాడు. పాటల రికార్డన్నాను. "ఇప్పుడివెవరు వింటారండీ బాబూ!" అని నవ్వుకుంటూ ముందుకెళ్లాడు. నాకు నవ్వు రాలేదు. వైరు సంగతి చెప్పడం తేలికే. అది తెగిందని నాకు ముందే తెలుసన్న మాట ఎలా చెప్పాలో దారి పొడుగునా ఆలోచించుకున్నాను.

బస్టాండు నుంచి పది నిమిషాలు నడిస్తే షెడ్డు వచ్చింది. రఫీ ద్వారబంధానికి చిత్రిక పడుతున్నాడు. తల సగం నెరిసింది. "ఏరా, నువ్వా! దారి తప్పి వచ్చావా ఏంటి?" అంటూ లేచి, స్టూలు మీద పొట్టు దులిపి కూర్చోబెట్టాడు. రికార్డు చేతిలో పెట్టి, ఆ రోజు ఒక వైరు పని చెయ్యలేదని మాత్రం చెప్పాను. షెడ్డులోని టేప్‌రికార్డర్లో క్యాసెట్ పెట్టాను. రఫీ మొదటి పాటను మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. తర్వాత లోపలికి కేకేశాడు.

"జరీనా! ఇటు రా. విను. ఉందని నేను చెప్పలా?"

ఆమె తలుపు దగ్గర నిలబడి విని నా వైపు తిరిగింది. "పెళ్లయిన కొత్తలో ఆర్కెస్ట్రావాళ్లు ఇంటికొచ్చి మరీ పిలిచారండీ అన్నయ్యగారూ. నా చెవిలో లేనివి మోగుతాయి, నలుగుర్లో మళ్లీ నవ్వులపాలవుతానని ఈయన వెళ్లలా. గిటారు కూడా అమ్మేశారు."

"పోన్లేవే, ఇప్పుడవన్నీ ఎందుకు. టీ పెట్టు" అన్నాడు రఫీ. వాడి మొహం వెలిగిపోతోంది. అంత సంతోషాన్ని చూడటం నాకు కష్టంగా ఉంది.

టీ వచ్చింది, దాంతో పాటు బిస్కట్లూ వచ్చాయి. రఫీ గ్లాసు నా చేతికిస్తూ మామూలుగానే అడిగాడు. "ఒరేయ్, మరి ఆ రోజు నీకు వైరు సంగతి తట్టలేదా?"

"తట్టలేదురా. నిన్న రికార్డు విన్నాకే తెలిసింది" అన్నాను.

"అదే కదా. తెలిస్తే ఊరుకుంటావా నువ్వు!" అని భుజం తట్టాడు. తిరుగు బస్సు కిక్కిరిసి వస్తే, కిటికీలోంచి తన తువ్వాలు వేసి నాకు సీటు కూడా ఆపాడు.

తన పదమూడేళ్లను ఒక తెగిన వైరు మింగేసిందని రఫీ నమ్ముతున్నాడు. వైరు మీద ఎవరికీ కోపం రాదు, అందుకే అంత తేలిగ్గా నవ్వగలిగాడు. వాడి చేతిలోంచి ఒకసారి గిటారు లాక్కున్నాను. ఈసారి నా మీద రావాల్సిన కోపం కూడా వాడికి దక్కనివ్వలేదు. సిగ్గుగా ఉంది, ఇంకోసారి బస్సెక్కే ధైర్యం ఇంతవరకూ రాలేదు. ఇలాంటి పని మీద బయల్దేరేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. చెప్పాల్సింది టీ రాకముందే చెప్పేయండి. గ్లాసు చేతికొచ్చాక నా వల్ల కాలేదు.