మూయడం రాని పదకొండు దుకాణాలు

పిల్లల బొమ్మల పుస్తకం కోసం ఎక్కడా లేని ఊరొకటి గీస్తున్నాను. అందులో పాతకాలం బజారు, పదకొండు దుకాణాలు. ఎడిటర్ మేడమ్ ఇప్పటికి రెండుసార్లు తిప్పి పంపింది. "సోమవారం సాయంత్రం ఆరింటికల్లా సరైన బొమ్మ రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామండీ" అంది. కాలేజీలో బంగారు పతకం కొట్టినదాన్ని, నాకెంత అవమానం! పతకం మీద ఉన్నది పూతేననుకోండి.

ఆదివారం పొద్దున్నే మా మావయ్య వచ్చాడు. ఆయన వడ్రంగి. ముప్పై ఏళ్లు దుకాణాలకు పలకల తలుపులే చేశాడు. అంకెలు వేసిన పలకల్ని ఒక్కొక్కటిగా గాడిలోకి ఎక్కించి, పక్కకి జరిపి కొట్టు మూసేవాళ్లు. ఇనుప షట్టర్లొచ్చాక ఆయనకు కుర్చీ కాళ్ల రిపేర్లే మిగిలాయి. అయినా ఎవరింటికెళ్లినా ముందు తలుపు తట్టి చెక్క చూస్తాడు, మనుషుల్ని తర్వాత పలకరిస్తాడు.

నా బొమ్మను కళ్లజోడు సర్దుకుని మరీ చూశాడు.

"బాగుందే. ఇంతకీ వీళ్లు కొట్లు ఎలా మూస్తారు?"

"పలకలు గీశాను కదా మావయ్యా!"

"గీశావులే. గాడిలోకి ఎక్కించడానికి సందేదీ? పలకలు నిలబెట్టి, ఆ తర్వాత గోడ కట్టారా?"

నేను బొమ్మను దగ్గరికి లాక్కుని వెతికాను. సందు ఎక్కడా లేదు.

"పతకం ఎందుకిచ్చారే నీకు?"

ఇక సోమవారం దాకా మా ఇంట్లోనే ఉండి, పక్కనే కూర్చుని నేర్పించాడు. ఒకటో పలక ముందు, తాళం వేసే పలక చివర. నాకు హుషారు తన్నుకొచ్చింది. సోమవారం మధ్యాహ్నానికి పదకొండు కొట్లూ చక్కగా మూసి పంపించాను.

మేడమ్ ఫోను. "మేం బజారు అడిగాం, బంద్ కాదు. అన్నీ మూసేశారేంటండీ?"

టైము నాలుగు.

"మావయ్యా, కొంప మునిగింది!"

"మూయడం వచ్చిందిగా, తెరవడం ఎంతసేపే? తాళం పలక ముందు తియ్యి. తీసినవి వరసగా గోడకి ఆనించు."

ఆరింటికి పది నిమిషాలుందనగా పంపాను. "బాగుంది, అచ్చుకి ఇచ్చేశాం" అని జవాబొచ్చింది. నేను గంతులేస్తుంటే మావయ్య మాత్రం బొమ్మ మీద వేలు పెట్టి ఇంకా లెక్కపెడుతున్నాడు.

"ఏమే, కిరాణా కొట్టు దగ్గర ఐదు తర్వాత ఏడుంది. ఆరెక్కడ?"

పుస్తకం వచ్చేసింది. ఆ కొట్టు మూయడం ఇక ఎవరి తరమూ కాదు. ఇప్పుడు మావయ్య మా ఇంటికొస్తే ముందు ఆ పేజీ తీసి వేలితో తడతాడు, నన్ను తర్వాత పలకరిస్తాడు.

"దొరికిందా?"