నడిగోడ తీసిన చలికాలం

బిలాస్‌పూర్‌లో మా ఇల్లు తోర్వా వైపు, రైలు పట్టాలకు దగ్గర్లో ఉండేది. నాన్న రిటైరై రైల్వే క్వార్టర్ వదిలేయాల్సి వచ్చినప్పుడు కొన్న పాత ఇల్లది. కింద రెండు గదులు, వెనక వంటిల్లు, డాబా మీద ఇంకో గది. కింది గదులు రెంటికీ మధ్య లావుపాటి ఇటుక గోడ, దానికి ఒకే ఒక్క ఇరుకు గుమ్మం. ఇంట్లో అందరం దాన్ని నడిగోడ అనేవాళ్ళం. రెండువేల ఆరు ప్రాంతంలో, ఒక చలికాలం, ఆ గోడ తీసేశాం. అప్పటికి నేను చదువు ముగించి ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నాను.

గోడ తీయాలన్న ఆలోచన అమ్మది. సాయంత్రాలు మా ఇంటికి పిల్లలు తెలుగు నేర్చుకోవడానికి వచ్చేవారు. వాళ్ళ తాతలు ఎప్పుడో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు వినిపిస్తున్నా పిల్లల నోట హిందీయే ముందొచ్చేది. తెలుగు క్యాలెండర్ మీద పండగ పేరు చదవమంటే బిక్కమొహం వేసేవారు. అమ్మ మొదట పక్కింటి పిల్లకు అ ఆలు దిద్దించింది. ఆ పిల్ల వెంట మరో ఇద్దరు వచ్చారు. చూస్తుండగానే ముందుగది నిండిపోయి, మిగిలినవాళ్ళు వెనకగదిలో కూర్చోవలసి వచ్చింది. బోర్డు ముందుగదిలో ఉండేది. అమ్మ గుమ్మంలో నిలబడి అటూ ఇటూ తిరుగుతూ చెప్పేది.

ఒకరోజు వెనకగదిలో కూర్చున్న ఒక పాప పలక చూపించింది. 'ణ' రాయమంటే, బోర్డు కనబడక, అమ్మ గొంతు విని ఆ అక్షరం ఎలా ఉంటుందో తానే ఊహించుకుంది. మూడు సున్నాలు, ఒక తోక. ప్రపంచంలో ఏ భాషలోనూ లేని అక్షరం. అమ్మ ముందు పగలబడి నవ్వింది. పిల్లలు వెళ్ళిపోయాక నడిగోడ ముందు చాలాసేపు నిలబడింది.

"ఏవండీ, ఈ గోడ తీయించేద్దాం" అంది.

నాన్న రైల్వేలో వంతెనల పనికి ఖలాసీ కూలీగా చేరి, సూపర్‌వైజరుగా రిటైరైనవాడు. పిడికిలితో గోడ మీద రెండు దెబ్బలు వేసి చూశాడు.

"ఇదేటి, అడ్డంగా కట్టిన గోడనుకున్నావా? పైగది గోడ సరిగ్గా దీని మీదే కూచుంది. స్లాబు బరువంతా దీని మీదే. ఇది పీకితే పైనున్నదంతా మన నెత్తి మీదకొస్తాది."

"బ్రిడ్జీల కింద ఖంబాలే మార్చినారు కదా. ఇంటి గోడ మార్చలేరా?"

మర్నాటి నుంచి నాన్న మధ్యాహ్నం భోజనం అయ్యాక నడిగోడ పక్కన చాప వేసుకుని వెల్లకిలా పడుకునేవాడు. నిద్రపోయేవాడు కాదు. పైకప్పును చూస్తూ ఉండేవాడు. ఏం చూస్తున్నావని అడిగితే, "బరువు ఎటు పోతందో సూస్తన్నాను" అన్నాడు. నేనూ పక్కన పడుకుని చూశాను. సున్నం పెచ్చులూ ఫ్యానూ తప్ప నాకేమీ కనబడలేదు. ఆ ఇంట్లో అన్నేళ్ళుగా తింటున్నాం, పడుకుంటున్నాం. మా తలల మీదుగా ఒక పెద్ద బరువు రాత్రీ పగలూ ప్రయాణం చేసి, ఆ గోడలోకి దిగి నేలలోకి పోతోందన్న సంగతి అప్పుడే మొదటిసారి నా బుర్రకు తట్టింది.

నెల గడిచాక నాన్న "తీద్దాం" అన్నాడు. కరెంటు ప్లాంటులో పనిచేసే తెలుగు ఇంజనీరు ఒకాయన వచ్చి కొలతలు తీసుకుని, ఎంత లావు ఇనుప గర్డరు కావాలో లెక్క కట్టి ఇచ్చాడు. నాన్న ఆ లెక్కను రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. రతన్‌పూర్ రోడ్డు మీది ఊరి నుంచి రోజూ సైకిలు మీద వచ్చే మిస్త్రీని పనికి పెట్టుకున్నాడు. పొట్టిగా, బలంగా ఉండేవాడు. మా ఇంట్లో అందరికన్నా ధైర్యస్థుడు.

"చింతా ఝన్ కరవ్ బాబూ" అన్నాడు మొదటిరోజే, ఏమీ దిగులు పడొద్దని. "ఒక్క పూటలో కొట్టేస్తాను."

"ఒక్క పూటలో కొట్టేస్తే ఒక్క పూటలోనే కూలుతుంది" అని నాన్న హిందీలో అన్నాడు. మిస్త్రీ గట్టిగా నవ్వి సమ్మెట మూల పెట్టేశాడు.

సామాను వెనక వరండాలోకి చేర్చాం. నాన్నమ్మ డాబా గదిలో ఉండేది. ఆమెను పక్కింటికి మార్చడానికే ఒక ఉదయమంతా పట్టింది. "నా కొడుకు పనిసేత్తంటే నాను పక్కింట్లో కూకోవాలా?" అని గొణుగుతూనే వెళ్ళింది. వెళ్ళినా లోపల కూర్చోలేదు. వాళ్ళ వాకిట్లో ఎండకు కుర్చీ వేయించుకుని మా గుమ్మం వైపే చూస్తూ ఉండేది.

ముందు నడిగోడకు రెండు వైపులా ఊతగుంజలు నిలబెట్టారు. వాటి మీద అడ్డంగా బరువైన దూలాలు, కింద జాకీలు. నాన్న ఒక్కొక్క జాకీ దగ్గర గొంతుక్కూర్చుని తన చేత్తోనే తిప్పాడు. కొంచెం తిప్పడం, లేచి దూలానికీ పైకప్పుకీ మధ్య వేలు పెట్టి చూడడం, మళ్ళీ కూర్చోవడం. నేను టీ పట్టుకెళ్ళి అడిగాను, ఇంకాస్త గట్టిగా తిప్పితే మంచిది కదా అని.

"ఎత్తకూడదమ్మా. ఆనుకోవాలంతే. ఎత్తితే పైగోడ పగిలిపోతాది. దానికి తెలీకుండా దాని బరువు మనం తీసుకోవాలి."

'దానికి తెలీకుండా' అన్నప్పుడు ఆయన గొంతు తగ్గించాడు, స్లాబు వింటుందేమో అన్నట్టు.

తరువాత పైనుంచి కిందకు ఇటుకలు ఒక్కొక్కటిగా ఊడదీశారు. రెండు చివర్లా గర్డరు కూర్చోవడానికి గోడను స్తంభాల్లా వదిలి, వాటిని సిమెంటుతో బలపరిచారు. నడిమి గోడంతా పోయిన రోజు సాయంత్రం పని ఆపి మిస్త్రీ బయటికి వచ్చాడు. దుమ్ము తువ్వాలుతో దులుపుకుంటూ లోపలికి చెయ్యి చూపించాడు.

అమ్మా నేనూ గుమ్మం దగ్గరే ఆగిపోయాం. పడమటి కిటికీ ఎండ ఏ అడ్డూ లేకుండా గదులు రెండూ దాటి తూర్పు గోడ మీద పడింది. ఆ ఇల్లు పుట్టాక వెనకగదిలో సాయంకాలపు ఎండ పడడం అదే మొదలై ఉంటుంది. ఎండలో ఇటుక దుమ్ము ఎర్రగా మెల్లగా తేలుతోంది. గుంజల వరసల మధ్య, నిన్నటిదాకా గోడ ఉన్నచోట, ఖాళీ. దానిమీద ఒక గది, దాని గోడలు, నాన్నమ్మ మంచం, ట్రంకుపెట్టెలు. అన్నీ అలాగే నిలిచి ఉన్నాయి. అమ్మ రెండు చేతులూ జోడించింది. ఏ దేవుడికో చెప్పలేదు. నాన్న ఆ ఖాళీలో నిలబడి తల పైకెత్తి చూస్తున్నాడు. అంతవరకూ నాకు ఆయన తక్కువ మాట్లాడే, కూరలో ఉప్పు ఎక్కువైందనే మనిషి. డ్యూటీకి వెళ్ళి రోజుల తరబడి ఏం చేసి వచ్చేవాడో ఆ క్షణంలో కళ్ళారా చూశాను. నదుల మీద, రైళ్ళు పోయే చోట, ఇదే పని చేసి వచ్చేవాడు. వచ్చి, చేతులు కడుక్కుని, అన్నానికి కూర్చునేవాడు.

గర్డరు ఎక్కించడానికి వీధిలో మగవాళ్ళంతా వచ్చారు. "జోర్ లగాకే" అని ఒకరు అరిస్తే "హైసా" అని అందరూ అందుకున్నారు. చివర్ల మీద కూర్చోబెట్టి, స్లాబుకీ దానికీ మధ్య సందులో ఇనుప పలకలు బిగించి, గారతో నింపారు. గార గట్టిపడేదాకా నాన్న ఎవరినీ ఆ గదుల్లో అడుగుపెట్టనివ్వలేదు.

ఊతం దించిన రోజు ఆదివారం. నాన్న గర్డరు కింద ఒక చివర నుంచి ఇంకో చివరకు దారం లాగి కట్టాడు. గర్డరు వంగితే దారానికి తగులుతుంది, వెంటనే తెలుస్తుంది. తరువాత నాన్న ఒక వైపు, మిస్త్రీ ఒక వైపు, జాకీలను కొద్దికొద్దిగా వదులు చేస్తూ వచ్చారు. సగానికి వచ్చేసరికి గర్డరు ఒక్కసారి మూలిగింది. అరుపు కాదు. పెద్దమనిషి బరువైన మూట భుజానికి ఎత్తుకున్నప్పుడు ఛాతీలోంచి వచ్చే చప్పుడు లాంటిది. మిస్త్రీ చెయ్యి ఆగిపోయింది.

నాన్న గర్డరుకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. "తీసుకుంది" అన్నాడు. "బరువు తీసుకుంది." అమ్మ వైపు తిరిగి, "రా, చెయ్యెట్టి సూడు" అన్నాడు. అమ్మ బల్ల ఎక్కి చెయ్యి పెట్టింది. అదే సమయంలో బొగ్గు గూడ్సు ఒకటి పోతోంది. "లోపల సన్నగా అదురుతందండీ" అంది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. నేనూ పెట్టి చూశాను. చల్లని ఇనుము, లోపలెక్కడో ప్రాణమున్నట్టు చిన్న అదురు. ఆ స్పర్శ ఇప్పటికీ అరచేతిలో ఉంది.

నాన్న గుంజలు తీసేయలేదు. ఏమైనా జరిగితే పట్టుకోవడానికి, పైకప్పుకు వేలెడు కిందగా అలాగే నిలబెట్టి ఉంచాడు. "కొత్త బ్రిడ్జి మీద మొదటి బండి డెడ్ స్లోగా పోవాలి" అంటూ తానే పైకి వెళ్ళబోయాడు. ఇంతలో పక్కింటి వాకిట్లోంచి నాన్నమ్మ కర్ర పట్టుకుని వచ్చేసింది.

"ఒరే, మొదటి బండి నానే."

"అమ్మా, నువ్వాగు. నేను ముందు..."

"ఏటాగడం? నా గది, నా మంచం. నువ్వు కింద నిలబడి సూసుకో."

నాన్న ఆమెతో వాదించి గెలవడం నేనెన్నడూ చూడలేదు. పైగా ఆమె బరువెంత, బక్క ప్రాణం. నేను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను. గది గుమ్మం దగ్గర నా చెయ్యి విడిపించుకుంది. కొంగు నడుముకు దోపుకుని, కర్ర పొడుచుకుంటూ, సరిగ్గా నడిగోడ ఉండిన చోటి మీద లేచిన గోడ పక్కనే ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. రైల్వేలో పనిచేసిన తాత బతికున్న రోజుల్లో ఆయన రైళ్ళకు జెండా ఊపడం చూసిందేమో, ఆ చివరకు చేరాక కొంగు చివర పట్టుకుని గాలిలో ఊపింది.

కిందకు పరుగెత్తాను. నాన్న గర్డరు కిందే, దారం మీద చూపు పెట్టి నిలబడి ఉన్నాడు. అమ్మ ఆయన పక్కనే ఉంది. పైన కర్ర చప్పుడు టక్కు టక్కుమని అటు పోయి ఇటు వచ్చింది. దారం కదల్లేదు. నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందన్నాడు.

తరువాత నాన్న ఎక్కాడు, మిస్త్రీ ఎక్కాడు, గర్డరు మోసిన మగవాళ్ళంతా ఎక్కారు. బుధ్వారీ బజార్ నుంచి తెప్పించిన జిలేబీలు పైగదిలోనే నిలబడి తిన్నారు. కొన్ని రోజుల తరువాత గుంజలు కూడా తీసేశారు.

పిల్లలు మళ్ళీ వచ్చిన సాయంత్రం వాళ్ళ గోల వీధి మొదటి నుంచే వినిపించింది. గుమ్మం దాటగానే అందరూ ఆగి చుట్టూ చూశారు. బోర్డు తూర్పు గోడకు ఉంది, ప్రతి మూల నుంచీ కనబడుతోంది. "బాప్ రే, కిత్నా బడా" అని ఎవరో గుసగుసగా అన్నారు. అమ్మ, "తెలుగులో చెప్పు" అంది. ఆ కుర్రాడు కాసేపు వెతుక్కుని, "చాలా... చాలా పెద్ద" అన్నాడు. అమ్మ ఆ మాటే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. ఆరోజు పాఠం అదే.

గోడ ఉన్నచోట నేల మీద సిమెంటు పట్టీ ఒకటి మిగిలింది. నున్నగా, బూడిదరంగులో, గది అడ్డంగా పోయేది. పిల్లలు చాలాకాలం దాని మీద కాలు పెట్టలేదు. అటునుంచి ఇటు రావాలంటే, చేతిలో పలకతో, దాన్ని గెంతి దాటేవారు.