ఆడిటరు ఆగిన నాలుగు పద్దులు

మా ఆడబిడ్డ ఊరంతా చెప్పే కథ ఒకటుంది. "మా వదినకి ధర్మపురిలో ఆడిటర్లు దొరక్క కాదు, ఆ నోటి ముందర ఒక్కరూ నిలబడలేకపోయినారు. ముగ్గుర్ని మార్చింది" అని. పెళ్లిళ్లలో చెబుతుంది, కర్మలకు పోయినచోటా చెబుతుంది. ముగ్గురన్నది తప్పు. నేను వదిలేసింది ఇద్దరినే. మూడో ఆమె దగ్గరికి ఇప్పటికీ వెళ్తున్నాను. గొడవపడింది కూడా ఒక్కరితోనే. రెండో ఆయనకు నమస్కారం పెట్టే మెట్లు దిగాను.

నాకు ఆడిటరు ఎందుకు కావలసివచ్చిందో మాత్రం ఆమె చెప్పదు. మా ఆయన పోయాక దాణా అంగడి నా పేరుకు మార్చుకోవాలంటే, ఆయన చివరి ఏడాది లెక్కలు వారసురాలిగా నేనే దాఖలు చేయాలి. నేను కాలేజీలో చదివింది చరిత్ర. రాజులు ఎవరిమీదికి దండెత్తారో తెలుసు, తవుడు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. అదంతా ఆయన ఒక్కడే చూసుకునేవాడు, పొడుగాటి నోటుపుస్తకంలో తన చేత్తో రాసుకుని.

మొదటి ఆడిటరు ఆఫీసు బస్టాండు పక్కన. నేను చెప్పిందంతా విని, తోడొచ్చిన మా మరిది వైపు తిరిగి అరవంలో, "మీరు చెప్పండి సార్, ఏం చేద్దాం?" అన్నాడు. మా మరిదికి ఆ అంగడి తాళం ఎటు తిరుగుతుందో తెలియదు. "అంగడి నాది, సంతకం నాది. ఆయన కాఫీ తాగడానికి వచ్చినాడు" అన్నాను. ఊరంతా తెలిసిన గొడవ అదే.

రెండో ఆయన మంచివాడే. పుస్తకం తెరిచి రెండు పేజీలు తిప్పి, "ఇదేం భాషమ్మా? చదవడానికి వస్తోంది, అర్థం మాత్రం కావడం లేదు. దీన్ని పక్కన పెట్టేద్దాం. ఖర్చులు అంచనాగా నేనే వేసేస్తాను" అన్నాడు.

ఆయనను తప్పుపట్టను. ఈ అరవదేశంలో మా ఇళ్లలో మాట తెలుగు, చదువు అరవం. కుప్పంలో మా అమ్మమ్మ దగ్గర సెలవులకు ఉండబట్టి నాకు తెలుగు అక్షరాలు వచ్చాయి. మా ఆయనకు రావు. అందుకని తెలుగు మాటలనే అరవ అక్షరాలతో రాసేవాడు. అరవంలో కకూ గకూ ఒకటే అక్షరం, టకూ డకూ ఒకటే. రాసేదీ చదివేదీ తానే కాబట్టి ఆయనకు ఏ ఇబ్బందీ రాలేదు. కానీ ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేద్దామన్న మాట నాకు మింగుడుపడలేదు. ఆయన బట్టలు అడిగినవాళ్లకు ఇచ్చేశాం. ఫోను మా మరిది తీసుకున్నాడు. ఆయన చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదు.

మూడో ఆమె సంగతి, అంగడికి దాణా కోసం పక్క పల్లె ఇండూరు నుంచి వచ్చే ఆమె చెప్పింది. "ఆయమ్మ ఒక్కో గీతకీ ఒక ప్రశ్న అడుగుతాది అక్కా. అందుకే ఎవురూ పోరు."

"నాకు అట్లాటి ఆమే కావాల."

బట్టల కొట్టు పైన చిన్న గది. అరవం తప్ప ఇంకో భాష తెలియని మనిషి, నాకంటే చిన్నది. పుస్తకం ముందు పెట్టుకుని బడిలో పాఠం చదివినట్టు పైకి చదివేది. "తూడకు తాణా" అని ఆమె అంటే, "దూడకు దాణా" అని నేను. "పర్రె" అంటే, "బర్రె." అలా మూడు మధ్యాహ్నాలు గడిచాయి. మా అమ్మాయి హోసూరు నుంచి ఫోను చేస్తే సగం అరవం, సగం ఇంగ్లీషు. ఏడాదికి పైగా నా ఎదురుగా కూర్చుని ఇన్ని తెలుగు మాటలు పలికింది, ఆ భాష రాని ఈ ఒక్క మనిషే. అది చెబితే నవ్వుతుందని చెప్పలేదు. రోజూ ఒక గంట ముందే వెళ్లి మెట్ల మీద కూర్చునేదాన్ని.

నాలుగో రోజు ఒక పద్దు దగ్గర ఆగింది.

"కట్టి ఎవరికి అక్కా? వైద్యం ఖర్చు అంగడి లెక్కలో వేయకూడదు."

అరవంలో కట్టి అంటే ఒంట్లో లేచే గడ్డ. నాకు నవ్వొచ్చింది.

"కట్టి కాదు తల్లీ, గడ్డి. పశువులు మేసేది."

ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే మిగిలిన పేజీలు తిప్పి చూసింది. "మిగతా అన్నిచోట్లా పక్కన ఎన్ని మోపులో రాశారు. ఈ నాలుగింటికి రాయలేదు. బొమ్మిడి అని మాత్రం ఉంది."

పుస్తకం నా వైపు తిప్పుకున్నాను.

ఆయనకు కడుపులో కట్టి ఉందనీ, ఆలస్యమైపోయిందనీ సేలం ఆసుపత్రిలో చెప్పారు. ఆ తరువాత ఇరవై రెండు రోజులే ఉన్నాడు. ఆ మాటను మా ఇంట్లో ఎవరమూ తెలుగులో అనలేదు, డాక్టరు అన్నట్టు కట్టి అనే అన్నాం. "పాపం, ఆయనకే తెలీదు" అన్నారు అందరూ. నేనూ అదే అన్నాను. ఈ నాలుగు పద్దులూ దానికి ఎనిమిది నెలల ముందువి.

"గడ్డి చూసేదానికి బొమ్మిడి దాకా పోయొస్తా" అనేవాడు పొద్దున్నే. బొమ్మిడి చుట్టూ గడ్డి దొరుకుతుంది, నిజమే. సేలం పోయే రైలు కూడా అక్కడే ఆగుతుంది.

"పక్కనుండే కంబైనల్లూరులో లేని గడ్డి బొమ్మిడిలో ఏముంది? ఆడ బర్రెలు బంగారం మేస్తాయా?" అన్నాను ఒకసారి.

"నీతో వాదించి గెలిచినోడు యాడున్నాడు?" అని చెప్పులు తొడుక్కున్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

"ఏమని వేయమంటారక్కా?" ఆడిటరు పెన్ను పట్టుకుని ఉంది.

"నాకు తెలియనిది రాయించను. ఆ నాలుగూ వదిలేయండి."

"పన్ను కొంచెం పెరుగుతుంది."

"పెరగనీ."

ప్రతి గీతకీ ప్రశ్న అడిగే మనిషి, అక్కడ మాత్రం పేజీ తిప్పేసింది.

అంగడి ఇప్పుడు నా పేరు మీదే ఉంది. లెక్కలు నేనే రాస్తున్నాను, తెలుగు అక్షరాల్లో, 'గ'ను 'గ' లాగే. ఆడిటరుకు ఒక్క ముక్క రాదు, నేనే చదివి వినిపించాలి. ఆమె చిరాకుపడుతుంది, నేను వాదిస్తాను, మా ఆడబిడ్డకు ఇంకో కథ దొరుకుతుంది. పాత పుస్తకం నా సంచిలోనే ఉంటుంది. ఆడిటరు ఫోను మాట్లాడుతుంటే ఆ పేజీ తీస్తాను. అదే రాత, అవే అక్షరాలు. ఎన్నిసార్లు చదివినా ఒకసారి గడ్డి, ఒకసారి కట్టి.

ఆ నాలుగు పొద్దులూ ఆయన బొమ్మిడిలో గడ్డి చూడటానికి వెళ్లాడా, నాతో చెప్పడం కంటే సేలం రైలెక్కడమే తేలికనుకున్నాడా?